పాఠమైనాకే ఫొటో

మన శివాని నాయనకు,

నేను డోన్ బస్సుకు పోతాండా, అంగడి మూసినాకనే వస్తా. గిన్నెలో సంగటి ఉండాది. పప్పు కలిపి మెత్తగా పిసికి పాపకు తినిపించు. తొందరపెట్టొద్దు, పొలమారుతాది.

ఈపొద్దు టీచరమ్మ వస్తాది. బడికి పోలేని పిల్లోల్లకు ఇంటికాడనే చదువు చెప్పమని సర్కారు పంపిస్తాండే మనిషి. పాప వేళ్లకు కసరత్తు చేయించాల, పలక మీద అక్షరాలు దిద్దించాల. ఆయమ్మ స్కూటీ ఇంజను కూడా ఆపదు. పాప చేతికి పుస్తకమిచ్చి, "శివానీ, ఇట్ల చూసి నగమ్మా" అంటాది, ఫొటో తీసి పైకి పంపిస్తాది, పోతాది. చూస్తాంటే రోత పుడతాది.

నిన్ను చూస్తే ఇంకా రోత. పోయిన వారం ఫొటోలో పాప పక్కన పండ్లికిలించుకోని నిలబడినావు. ఆయమ్మకు సోడా కూడా తెప్పిచ్చినావంట. ఏం ఊడబొడిచిందని?

ఈసారి పాఠమైనాకే ఫొటో అని మొగం మీదనే చెప్పు. చెప్పేకి నీకు నోరు రాదని తెలిసే, పుస్తకాన్ని నేనే దాచిపెట్టినా. యాడుందో నీకు చెప్పను, చెప్తే తీసిస్తావు. పలక, బలపం మంచం మీద ఉండాయి.

ఇంకోమాట. పొద్దున, పుస్తకం దాచకముందు, టైమెంతైందోనని నేను ఫోన్ ఎత్తితే, పాప దిండు కిందనుంచి ఆ పుస్తకాన్ని కష్టపడి లాక్కోని, ఎదకు ఆనిచ్చుకోని, నా పక్క తిరిగి నగింది. పుస్తకం తలకిందులుగా ఉండాది. ఏడాదిగా ఆయమ్మ నేర్పింది అదొక్కటే.