మళ్ళొకసారి అనే పిల్ల

కొండయ్య మామకు అంగన్‌వాడీ టీచరు నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తడం లేదు కాబట్టి మా సెంటరు ఆయమ్మ చేతికి ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను.

మీ మనవరాలు సుచరితకు నేను టెంకాయ సంగతేమీ చెప్పలేదు, ఒట్టు. బకెట్టు నీళ్ళలో రాయి, వేపపుల్ల వేయించి ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో చూడమంటాను. ఒకసారి చూసి నమ్మొద్దు, మళ్ళొకసారి వేసి చూడమంటాను. అంతే.

మీ చేనులో బోరుకు చోటు చూస్తూ ఎర్రయ్య తాత నడుస్తుంటే, అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ లేచి నిలబడిందని, అక్కడే నీళ్ళున్నాయని అందరూ సంబరపడ్డారు. "తాతా, కండ్లు మూసుకొని మళ్ళొకసారి" అనింది మీ పిల్లే. ఆయన నవ్వి, కళ్ళకు టవలు కట్టుకొని నడిస్తే అది మీ గొడ్ల చావిట్లో నిలబడింది! బోరు బండి వెనక్కి పోయిందని నన్ను తిట్టండి, పడతాను. పిల్లను సెంటరు మాన్పించడం దేనికి?

నిన్న ఎర్రయ్య తాతే టెంకాయ పట్టుకొని మా సెంటరుకు వచ్చినాడు. "దీన్ని గూడా నీళ్ళల్లో ఎయ్యమ్మా, ఏందో చూద్దాం" అన్నాడు. వేస్తే తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. ఆయన మాత్రం గదంతా వెతికి, "మళ్ళొకసారి అనే పిల్ల యాడమ్మా?" అని అడిగినాడు.

రేపు పంపించండి మామా. టెంకాయ ఇంకా బకెట్టులోనే ఉంది.