డబ్బా మాత్రమే పాతది

పెద్ద డాక్టరుగారికి, ఆసుపత్రి గుమాస్తా నమస్కరించి రాయునది.

పాత సామానుకు లారీ వచ్చింది. చీటీల గదిలోని కంప్యూటర్‌నూ ఎక్కిస్తామంటున్నారు. కొత్తది కొనడానికి వీల్లేదు, మరమ్మతు చేయించుకోమని పోయినేడు మీరే అన్నారు. అందుకని డబ్బా పాతదే ఉంచి, లోపలివన్నీ కొత్తవి వేయించాను. రోగుల వివరాలు, ఎవరికి ఏ మందు పడదో కూడా, అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

చెబితే లారీ మేస్త్రి నవ్వుతున్నాడు. "తుప్పు డబ్బాలో కొత్త సరుకేంటి గుమాస్తాగారూ? మా కాగితంలో దీని నంబరుంది, అంతే!" మూత విప్పి చూపించాను. "అవన్నీ మాకేం తెలుస్తాయండీ?" అన్నాడు.

మీ సంతకం ఉంటేనే ఆగుతారట. అటెండరును సైకిలు మీద పంపుతున్నాను, ఒక్క ముక్క రాసివ్వండి. వైర్లు అప్పుడే పీకేశారు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దానిమీదే కాగితం పెట్టి ఇది రాస్తున్నాను.