నీలం నూగు

అమ్మా, నేను కులాసాగా ఉన్నాను. ముందే కోప్పడకుండా చివరిదాకా చదువు.

నాన్న గుర్తుగా నువ్వు నాకిచ్చిన ఆయన నీలం స్వెటర్ ఉతకొద్దన్నావు కదా, నాన్న వాసన పోతుందని. మొన్న మా లాండ్రీలో పొరపాటున అది కూడా యంత్రంలో పడిపోయింది. స్వెటర్‌కేం కాలేదు గానీ, బట్టలు ఆరబెట్టే యంత్రం జల్లెడ మీద మబ్బుతునకలా నీలం నూగు మిగిలింది. పారెయ్యడానికి చేతులు రాలేదు.

పోయినసారి నాన్న లేకుండా గుడారం వేసుకున్నప్పుడు పుల్లలు తడిసి మంట అంటుకోక ఎంత అవస్థ పడ్డాం! అందుకే ఈసారి మంట రాజేసే బిళ్ళలు చేశాను. కోడిగుడ్ల అట్ట గుంటల్లో లాండ్రీ నూగు కూరి, కరిగిన కొవ్వొత్తి మైనం పోయడమే. పదకొండు బూడిదరంగువి, ఒక్కటి నాన్నది. కిటికీ ఎండలో మైనం గడ్డకడుతుంటే ఆ నీలం, చెరువులో ఆకాశంలా మెల్లగా లోపలికి దిగిపోయింది. చూస్తూ కూర్చున్నాను, మైనం కరిగించడానికి పొయ్యి మీద పెట్టిన నీళ్ళన్నీ ఇగిరిపోయినా తెలియలేదు.

నిన్న పెరట్లో బూడిదరంగుది ఒకటి వెలిగించి చూశాను. అగ్గిపుల్ల ఇంకా తగలనే లేదు, అచ్చం నాన్నలా నా నోరు "అంటుకుంది, అంటుకుంది!" అనేసింది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, "ఏమంటుకుందమ్మా?" అని ఒకటే కంగారు.

గుడారం చిరుగు కుట్టించావా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? గుడారం వేసుకోవడానికి వచ్చేటప్పుడు నా మందపాటి దుప్పటి తే. తమ్ముడికి దీవెనలు, పిన్నికి నమస్కారాలు.

చోటు లేక అంచున రాస్తున్నాను. నీలం బిళ్ళ నువ్వే వెలిగించాలి. అంటుకోకముందే అరవడం మరిచిపోకు.

నీ పెద్దది