గీతలో చిన్న గుంట

జనవరి 9

డైరీ తొమ్మిది రోజులు ఆలస్యంగా మొదలుపెడుతున్నాను. నా పనులన్నీ అంతే.

ఇవాళ పదకొండు రాళ్లు చూశాను. టెలిస్కోపు కొండ మీద, నేను కొండ కింద ఆఫీసులో. రాత్రి వాళ్లు చూస్తారు, పొద్దున్నకి ఫైళ్లు నా దగ్గరికి వస్తాయి. గ్రహశకలానికి సొంత వెలుగు లేదు. మీద పడ్డ ఎండనే కొంత మింగి కొంత తిప్పి పంపుతుంది. ఏ రంగు ఎంత తిప్పి పంపిందో గీతగా గీస్తే అది ఏ జాతి రాయో తెలుస్తుంది. గీతలో గుంట పడితే ఫలానా ఖనిజం ఉన్నట్టు. ఏ గుంటా లేకుండా ఎరుపు వైపు ఎక్కుతూ పోతే డి తరగతి. నాకు డి రాళ్లంటే ఇష్టం. బొగ్గులా నల్లగా, ఎవరి జోలికీ పోకుండా ఉంటాయి.

ఎనిమిదేళ్లుగా ఇదే పని. కాంట్రాక్ట్ మార్చి 31తో అయిపోతుంది. ఏప్రిల్‌లో ఒకే ఒక్క పర్మనెంట్ పోస్ట్ ఉందనీ, సొంత పరిశోధన పేపర్ ఉన్నవాళ్లనే తీసుకుంటామనీ డైరెక్టర్ మీటింగ్‌లో చెప్పారు. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. నాకు పేపర్ లేదు. అందరి పేపర్ల చివరా 'డేటా విభాగం సిబ్బందికి కృతజ్ఞతలు' అని మాత్రం ఉంటుంది. ఆ సిబ్బంది నేనొక్కదాన్నే.

జనవరి 17, మధ్యాహ్నం 12.20

మొండిదానికి గుంట ఉంది!

జనవరి 17, సాయంత్రం

మొండిది అంటే మేం పెట్టుకున్న పేరు. టెలిస్కోపు దాని వైపు తిప్పిన ప్రతిసారీ మబ్బు పట్టేది. మూడేళ్లకి మొన్న చిక్కింది. అచ్చమైన డి అనుకున్నాను. తీరా చూస్తే గీత చివర చిన్న గుంట, గోరు గిచ్చినంత. డి తరగతిలో గుంట ఎవరికీ ఉండదు. ఉందంటే కొత్త ఉపజాతి. కొత్త ఉపజాతి అంటే పేపర్. పేపర్ అంటే పోస్ట్.

ఇంటికి రాగానే వదినకి చెప్పేశాను. వదిన ముందు నా స్నేహితురాలు, తర్వాతే వదిన. ఒకే ఆఫీసులో నా గదికి రెండు గదుల అవతల పనిచేస్తుంది. అన్నయ్యకి చూపించింది నేనే, పెళ్లిచూపుల్లో ఇద్దరి తరఫునా మాట్లాడింది నేనే. మూడేళ్లుగా అమ్మా, అన్నయ్యా, తనూ, నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం.

వదిన నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఇప్పుడే పెద్దాయన చెవిన వేయొద్దు, ఆయన తన పేరు ముందు పెట్టేసుకుంటాడు, ఇంకోసారి నిదానంగా సరిచూసుకో అంది. ఆ పోస్ట్ నీదేనే, నేను అప్లికేషన్ కూడా పెట్టను, చూస్తూ ఉండు అని నా బుగ్గ గిల్లింది.

జనవరి 28

సరిచూస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు గీసినా గుంట అక్కడే ఉంది. ఎంతవరకు వచ్చిందని వదిన రోజూ అడుగుతోంది. నా పని గురించి నన్ను రోజూ అడిగే మనిషి ఒకరున్నారంటే ఎంత బాగుందో.

ఫిబ్రవరి 6

ఇవాళ నా వంతు గిన్నెలు కూడా వదినే తోమేసింది.

మార్చి 2, ఉదయం 11

మా సంస్థ నెలనెలా వేసే బులెటిన్ వచ్చింది. మొదటి పేపర్ మొండిదాని మీద. 'గుంట గల డి తరగతి శకలం: ఒక కొత్త ఉపజాతి.' కింద వదిన పేరు. ఒక్క పేరే.

వేరేగా చూసి ఉంటుందేమో, తనూ లెక్క వేసుకుని ఉంటుందేమో అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో. పేపర్లో అచ్చేసిన గీత చూశాను. ఆ గీతలో ఒకచోట మూడు పాయింట్లు పాడైపోతే తీసేసి, చేత్తో కలిపాను. అందరూ సూటిగా కలుపుతారు, నేను కాస్త వంపు ఇస్తాను. పెద్దాయన ఎన్నిసార్లు మానమన్నా మానని అలవాటు. ఆ వంపు అక్కడ ఉంది. చిరుగు కుట్టినదానికి తన కుట్టు తెలియదా?

మార్చి 2, సాయంత్రం

అడిగేశాను. వదిన తొణకలేదు. నువ్వు సరిచూస్తానంటూ నెలలు నెలలు తీస్తావు, ఈలోగా ఇంకెవరో వేసేస్తే ఇద్దరికీ లేకుండా పోతుంది కదా అంది. మరి నా పేరేదీ అంటే, పోస్ట్‌కి ఒక్కరి పేరే ఉంటే బలం అంది. అంటే అప్లికేషన్ పెట్టేసింది. జనవరి నెలాఖరుకే పెట్టిందట. గిన్నెలు తోమింది ఆ తర్వాతన్న మాట.

నేను గీసిన ఫైల్ నా లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎలా తీశావని అడిగితే తను అన్నయ్య వైపు చూసింది. దాంతో అన్నయ్య, పాస్‌వర్డ్ నాకు తెలుసు కదా, నేనే తీసిచ్చాను అన్నాడు. ఇంట్లో వాళ్లమేగా, నీదీ మాదీ అని ఏముంది అన్నాడు. అవును, ఏమీ లేదు. ఉన్నదంతా మీదే.

అమ్మ టీవీ సౌండ్ పెంచింది.

మార్చి 3

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 5

ఊరుకోకూడదని తేల్చుకున్నాను. పెద్దాయన ముందు అన్నీ పరిచి, పని నాదని రుజువు చేయాలి. అందుకని మొండిదాన్ని చూసిన రాత్రి కొండ మీది వాళ్లు రాసిన లాగ్‌బుక్ తీశాను. తీయకపోయినా బాగుండేది.

శకలం పంపింది ఎండే కాబట్టి, అందులోంచి సూర్యుడి వంతు తీసేస్తేనే రాయి సంగతి బయటపడుతుంది. సూర్యుడికి టెలిస్కోపు గురిపెట్టలేం. అందుకని సూర్యుడిలాంటి నక్షత్రాన్ని చూసి, దాని వెలుగుతో భాగిస్తాం. ఆ నక్షత్రం, శకలం ఆకాశంలో ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. కిందికి ఉన్నదాని వెలుగు ఎక్కువ గాలిలోంచి వస్తుంది, ఆ గాలిలోని తేమ కొంత వెలుగు మింగేస్తుంది. మొండిది ఆ రోజు బాగా కిందికి ఉంది. కొండ మీది వాళ్లు అందుకే కింద ఉన్న నక్షత్రాన్ని కూడా చూసి రెండో ఫైల్‌గా పంపారు. లాగ్‌బుక్‌లో రాసి, కింద గీత కూడా గీశారు.

నేను అలవాటు కొద్దీ మొదటి ఫైల్‌తో భాగించేశాను. నడినెత్తిన ఉన్న నక్షత్రంతో. ఆ తర్వాత సరిచూసిన పదిసార్లూ అదే ఫైల్.

గుంట రాయిది కాదు. మన గాలిలో తేమది. మొండిది మామూలు డి.

మార్చి 5, సాయంత్రం 5.40

బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ నవ్వాను. ఎత్తుకుపోయి ఎత్తుకుపోయి నా తప్పునే ఎత్తుకుపోయింది. వదినకి లాగ్‌బుక్ సంగతే తెలియదు, తన దగ్గర ఉన్నది ఫైల్ ఒక్కటే. ఇంటర్వ్యూలో తెలిసినవాడెవడైనా నక్షత్రం ఎత్తెంత అని అడిగితే నోరు పెగలదు.

చెప్పను.

మార్చి 8

చెప్పను గాక చెప్పను.

మార్చి 11

సెమినార్. వదిన బాగా మాట్లాడింది, ఒప్పుకోవాలి. చివరి స్లైడ్‌లో డేటా విభాగం సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పింది. పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, నా చేతులు నరికెయ్య.

మార్చి 12

పెద్దాయన పిలిచి, మొండిదాన్ని కొత్త ఉపజాతి కింద మా రాళ్ల టేబుల్లో ఎక్కించమన్నారు.

ఆ టేబుల్ నాది. ఎనిమిదేళ్లలో నాలుగు వేల పైచిలుకు రాళ్లు, ఒక్కోదాన్నీ నేనే చూసి ఎక్కించాను. రేపు ఎక్కడో ఎవరో ఆ టేబుల్ నమ్మి ఏదో లెక్క వేసుకుంటారు. గంటసేపు కర్సర్ వైపు చూస్తూ కూర్చున్నాను. వదిన మీద కోపం సరే, ఆ రాయి నన్నేం చేసింది?

మధ్యాహ్నం మెట్ల దగ్గర వదినకి లాగ్‌బుక్ చూపించాను. మొహం పాలిపోయింది. అక్కడే కూలబడి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నువ్వు చెప్పకపోతే నా పరువు ఏమైపోయేదే అంది. పెద్దాయనకి నేనే చెప్తాను, నీ పేరు కూడా కలిపే చెప్తాను, ఏ ఫైల్‌తో ఎలా పొరపాటు జరిగిందో ఒక కాగితం మీద రాసి సంతకం చేసివ్వు, నాకు నీలా వివరంగా చెప్పడం రాదు అంది.

రాసిచ్చాను. ఇద్దరం ఒకే గొడుగులో ఇంటికి వచ్చాం. పెళ్లికి ముందు ఇలాగే వచ్చేవాళ్లం. నాకు నా స్నేహితురాలు దొరికింది.

మార్చి 13

ఇవాళ కోపం లేదు.

మార్చి 28

బులెటిన్ వచ్చింది. వెనక పేజీలో సవరణ.

'గత సంచిక మొదటి పేపర్‌లోని పొరపాటు డేటా విభాగంలో జరిగింది.' తర్వాత నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. 'ఆమె దీన్ని లిఖితపూర్వకంగా అంగీకరించారు. రచయిత్రి స్వయంగా గమనించి సవరిస్తున్నారు.'

నీ పేరు కూడా కలిపే చెప్తాను అంది. కలిపింది.

తప్పు దొరికితే దాచుకోకుండా చెప్పడమే సైన్స్ అని పెద్దాయన అందరి ముందూ వదినని మెచ్చుకున్నారు. పోస్ట్ తనకే ఇచ్చారు. నన్ను విడిగా పిలిచి, కాంట్రాక్ట్ పొడిగించడం కష్టం అమ్మా, నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు కదా, నా చేతుల్లో ఏముంది అన్నారు. నేను చెప్పబోయాను. నా సంతకం బల్ల మీద ఉంది.

అన్నయ్య నన్ను తప్పించుకు తిరుగుతున్నాడు. రాత్రి భోజనాల దగ్గర వదిన నాకే ముందు వడ్డించింది. కంచం పక్కకి జరిపి లేచాను.

మార్చి 30

నా పేరు అచ్చులో పడిందని అమ్మకి ఎవరో చెప్పారు. ఎందుకు పడిందో చెప్పలేదు. బులెటిన్ ఇంగ్లీషులో ఉంటుంది, అమ్మకి రాదు. నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. చాలాసేపు తడిమింది. వచ్చినవాళ్లకి చూపించడానికి దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంది.

మార్చి 31

మొండిదాన్ని మళ్లీ చూశారు. ఫైల్ పొద్దున్నే వచ్చింది. సరైన నక్షత్రంతో భాగించాను. గుంట లేదు. డి. టేబుల్లో ఎక్కించాను.

లాప్‌టాప్ పాస్‌వర్డ్ మార్చాను. ఇన్నాళ్లూ అది అన్నయ్య పుట్టినరోజు.