నేరేడుపండు నాలుక

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నా కుడి భుజం నొప్పి మాత్రం పోనంటోంది. మాత్రలు, పట్టీలు, నూనెలు అన్నీ అయ్యాయి. విసిగిపోయి నిన్న అక్కను వెంటబెట్టుకుని మేడ్చల్‌లో చైనా సూదుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన నాలుక చూసి నొప్పి సంగతి చెబుతాడని ముందే విన్నాను. ఊరుకుంటానా? అక్క లోపల చీటీ రాయిస్తుంటే, బయట బండి మీద నేరేడుపళ్లు కొని దోసెడు నమిలాను. నీ పెళ్లాం ఏడాదిగా నవ్వలేదు. ఒక్కసారి నవ్వుతుందేమోనని ఆశ.

నా నాలుక చూసి డాక్టర్ ముఖం చిట్లించాడు. "ఊదా రంగుంది. లోపల నెత్తురు పారకుంట ఆగింది. ఆగిన కాడనే నొప్పి."

"నేరేడుపండ్లు తిన్న సార్!" అని నేనే పగలబడి నవ్వాను. నువ్వుంటే కుర్చీలోంచి కిందపడేవాడివి.

అక్క నవ్వలేదు. "సూదులు గా నాలుకకే గుచ్చుండ్రి సార్" అంది.

డాక్టర్ కోప్పడకుండా, "ఎప్పటిసంది నొస్తాంది?" అని అడిగాడు.

"శామీర్‌పేట చెరువుల వల ఇసిరినప్పటిసంది" అన్నాను. అందరికీ చెప్పే మాటే.

"అబద్ధం సార్. మా ఇంటాయన పాడె మోసినప్పటిసంది. ఏడాదిసంది నా కాడ దాస్తున్నడు గాడిద."

భుజం నొస్తుంటే ఆ మహానుభావుడు కాళ్లకు సూదులు గుచ్చాడు. ఆగినదానికి దారి అక్కడినుంచి తెరవాలట. తెరిచిందీ లేదు, తగ్గిందీ లేదు.

అంత బరువుంటావని ముందే చెప్పొద్దా, బావా?