తాళాల వీధిలో పాట

2025 జనవరి 27, సోమవారం

కర్నూలులో ఏప్రిల్‌లో షార్ట్ ఫిల్మ్ పోటీ. నేనూ లేవీ హారర్ మ్యూజికల్ తీస్తున్నాం. లేవి మా చిన్నాన్న కొడుకు, చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. డైరెక్టర్ నేనే. కెమెరా నా ఫోనే.

కథ వెతుక్కోనక్కర్లేదు. కోసిగి దగ్గర మా ఊళ్లో ఇప్పుడు సగం ఇళ్లకు తాళాలే. అందరూ సుగ్గికి పోయారు, గుంటూరు మిరప కోతలకు. ఏప్రిల్ దాకా రారు. మిగిలింది మాలాంటి ఉద్యోగాల వాళ్లు, ముసలివాళ్లు. ఆ తాళాల వీధిలో రోజూ సాయంత్రం ఐదింటికి కృపమణి తిరుగుతుంది. మూసిన ఒక్కో తలుపు ముందు ఆగి పాడుతుంది. రెడీమేడ్ దయ్యం!

ఫిబ్రవరి 1

కృపమణిది రాయచూరు వైపు. ఈ ఊరాయన్ని చేసుకుని వచ్చింది. ఆయన సుగ్గికి వెళ్లి మిరప చేలోనే పోయాడు. అప్పట్నుంచి చర్చి వెనక గదిలో ఉంటూ చర్చి ఊడుస్తుంది. మాటల్లో సగం కన్నడమే. ఎవరింటికీ పోదు, ఎవరూ పిలవరు. ఆమె పాడిన ఇంటికి కీడట. పెద్ద ఈరన్న మేక చచ్చిపోవడానికి కూడా ఆమే కారణమట. ఆ మేకకు లేని రోగం లేదు, అది వేరే సంగతి.

ఈ రోజు వాటర్ ట్యాంక్ చాటు నుంచి నలభై సెకన్లు షూట్ చేశాను. ఎండిన వీధి, తాళం, తెల్లచీర, పాట. నాకే ఒళ్లు జలదరించింది. 'మా హీరోయిన్ దయ్యం' అని రాసి యూత్ గ్రూప్‌లో పెట్టేశాను.

ఫిబ్రవరి 3

వీడియో ఊరంతా తిరిగింది. చర్చి కమిటీ కూర్చుంది. నెలాఖరుకు కృపమణి గది ఖాళీ చేయాలట. ఆ మాట చెప్పింది సంఘపెద్ద జయకుమార్. అంటే మా నాన్న.

ఆమె యాడికి పోతాది నాన్నా అని అడిగాను. జనం శానా భయపడతాండారు, నన్నేం చేయమంటావు జీవితా అన్నాడు. భయపెట్టింది నేనే కదా. ఆ మాట మాత్రం నోటికి రాలేదు.

ఫిబ్రవరి 5

కృపమణి దగ్గరికి వెళ్లి చెప్పాలి. వెళ్లలేదు.

ఫిబ్రవరి 6

వెళ్లాను. అప్పటికే మూట కడుతోంది. వీడియో తీసింది నేనే అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నువ్వేనా పాపా, నా పాట బాగొచ్చిందా అని అడిగింది. ఏడుపొచ్చింది నాకు.

మూటలోంచి ఒక నోట్‌బుక్ తీసి చూపించింది. పేజీకి ఒక ఇల్లు, ఆ ఇంటి పాట, ఫోన్ నంబర్. మావాళ్లందరి ఇళ్లలోనూ సాయంత్రం ప్రార్థనకు ఒక పాట ఉంటుంది, ఏళ్ల తరబడి అదే. సుగ్గికి లారీ ఎక్కేటప్పుడు మా వీధి శివజ్యోతి అక్క అడిగిందట. ఇంటికి తాళం వేస్తే పాట ఆగిపోతాది అక్కా, నువ్వు ఈడే ఉండావు గదా, మా గడప ముందర ఒక్క చరణం పాడు అని. తర్వాత మిగతా ఆడవాళ్లూ అడిగారు. మొగుడు పోయిన చేలోకి మళ్లీ పోలేక ఈమె ఊళ్లోనే ఉండిపోయింది. వాళ్ల కోసం పాడుతోంది.

పాడమన్నవాళ్లు గుంటూరులో ఉన్నారు. చూసి జడుసుకున్నది మేము. వాళ్లు తిరిగొచ్చి తలుపులు తీసేసరికి ఈమె పాట ఆపేస్తుంది. ఇక మాకు తెలిసేదెట్లా?

ఎందుకు చెప్పలేదు అన్నాను. ఎవురూ అడగలేదు గదా పాపా అంది.

ఫిబ్రవరి 8

అదే వీడియో శివజ్యోతి అక్కకు పంపాను. ఈసారి జరిగిందంతా రాసి.

సాయంత్రానికి పంతొమ్మిది వాయిస్ మెసేజ్‌లు! చేల గట్ల మీంచి ఎవరింటి పాట వాళ్లు పాడి పంపారు. వెనక గాలి, ట్రాక్టర్ మోత. శివజ్యోతి అక్క పాడలేదు, తిట్టింది. జయకుమార్ మామా, మా ఇంటి ముందర పాడొద్దనేకి నువ్వెవరు, ఆయమ్మను పంపిస్తే మేమొచ్చినాక చర్చికి రాము అంది.

నాన్న అన్నీ విన్నాడు. మళ్లీ మొదట్నుంచి విన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆరాధన అయ్యాక నాన్న నా ఫోన్ మైక్ దగ్గర పెట్టాడు. తిట్లతో సహా వినిపించాడు. తప్పు మాది, గది ఆయమ్మదే అన్నాడు. నేనూ మైక్‌లో క్షమాపణ అడిగాను. కృపమణి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. చెయ్యంతా గరుకు.

ఫిబ్రవరి 20

కథ మార్చాం. దయ్యంగా కృపమణే చేస్తానంది. ఒకటే షరతు, దయ్యానికి పేరుండాల. తన పేరే పెట్టాం.

ఆమె తలుపు ముందు ఒక చరణం పాడితే, తాళం వేసిన ఇంట్లోంచి గుంటూరు గొంతులు రెండో చరణం అందుకుంటాయి. మిక్స్ చేస్తూ లేవి తనే భయపడ్డాడు. బాగా అయ్యింది వాడికి.

ఏప్రిల్ 17

కర్నూలు బస్సులో ఉన్నాం. అమ్మా నాన్నా కూడా వచ్చారు. హీరోయిన్ రాలేదు. ఇంకా తాళం పడిన ఇండ్లు ఉండాయి పాపా అంది. బయల్దేరేటప్పుడు మా ఇంటికీ తాళం వేశాం. ఆమె నోట్‌బుక్‌లో మా పాట రాయించింది నాన్నే.

ఐదైంది. ఎమ్మిగనూరు దాటాం. నాన్న కళ్లు మూసుకుని, మెల్లగా, మా పాట రెండో చరణం అందుకున్నాడు.