నల్లవంకపల్లె కింది వీధి కాన్పుల సంగతి

మహారాజరాజశ్రీ ప్రసూతి కేంద్రాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, నల్లవంకపల్లె కింది వీధి కాపురస్థుడు, బండల మేస్త్రీ ఉరుకుందప్ప వ్రాసుకొను అర్జీ. ఏప్రిల్, 1956.

అయ్యా,

విషయం: కాన్పుకు పుట్టింటికి వచ్చిన నా కూతురు రామలక్ష్మమ్మ కొరకు నర్సమ్మను మా వీధికి పంపించుట గురించి.

1. మా ఊరు రెండు పార్టీలై కొట్టుకొనుచున్న సంగతి తమకు తెలియకపోదు. తమ ప్రసూతి కేంద్రం మీది వీధిలో ఉన్నది. ఊరు దాటే బాట కూడా ఆ వీధి గుండానే పోవును. కింది వీధి మనిషి అక్కడ కనబడితే బాంబు పడును. ఆడామగా తేడా లేదు. అక్కడి పిండిమరకు పోయిన మా వీధి ఉరుకుందమ్మ కాలు పోగొట్టుకొని వచ్చినది. నర్సమ్మ మా వైపు రాకూడదని తమ ఉత్తర్వు. ఆమె ప్రాణం విలువైనదే, కాదనను.

2. ఇదివరకటి నా అర్జీకి తమరు "గర్భిణీ స్త్రీలు కేంద్రమునకు స్వయముగా హాజరు కావలెను" అని జవాబిచ్చినారు. పంకా కింద కూర్చుని ఇంతకంటే తెలివైన మాట వ్రాయుట ఎవరి తరమూ కాదు. ఈ కొట్లాటలు మొదలు కాకముందు, కేంద్రం తెరిచిన రోజున తమరు వచ్చి, నేను పరిచిన బేతంచెర్ల బండలను మెచ్చుకొని, దండ వేయించుకొని, కోడికూర తిని పోయినారు. ఆ బండల మీద మా వీధి బిడ్డ ఇప్పటికి ఒక్కడే పుట్టినాడు. ఎట్లు పుట్టినాడో కూడా వినవలెను.

3. శ్మశానం మీది వీధికి అవతల ఉన్నందున, శవానికి మాత్రం రెండు పార్టీలవారూ దారి ఇస్తారు. ఇది తాతల నాటి కట్టుబాటు. అందుచేత నా కోడలు భీమమ్మకు నొప్పులు రాగానే పాడె కట్టి, పడుకోబెట్టి, ముఖానికి పసుపు పూసి, బొరుగులు చల్లుతూ తీసుకొని పోతిమి. మీది వీధివారు తలగుడ్డలు తీసినారు. గిడ్డమ్మ అనే ముసలామె "శానా మంచి పిల్లప్పా" అని ఏడ్చినది కూడా. పాడె మీద పిల్ల మూలిగినప్పుడల్లా తప్పెట గట్టిగా కొట్టించితిమి. కేంద్రం వాకిట పాడె దించగానే, "శవాలను ఇక్కడ చేర్చుకోము" అని నర్సమ్మ తలుపు వేయబోయినది. భీమమ్మ తల ఎత్తి, "నేను సావలేదమ్మా, నొప్పులు పడతాండా" అన్నది. మగబిడ్డ పుట్టినాడు. తల్లీబిడ్డా అటునుంచి అటే డోన్‌లోని ఆమె పుట్టింటికి పోయినారు.

4. ఆ సంగతి బయటపడినది. ఇప్పుడు మీది వీధివారు ప్రతి పాడెను ఆపి, గుడ్డ తీసి చూస్తున్నారు. బతికినవాళ్లకు దారి లేక చచ్చినవాళ్ల దారి వాడుకొంటిమి. ఇప్పుడు అదీ పోయినది. కొట్లాటలకు ముందే పుట్టింటికి చేరిన రామలక్ష్మమ్మకు నెలలు నిండినవి. తొలి కాన్పు. కాళ్లు వాచినవి, కళ్లు మసకగా ఉన్నవంటున్నది. నాకు భయముగా ఉన్నది.

5. బందోబస్తుకు వచ్చిన పోలీసువారు మీది వీధి పెద్దమనిషి అరుగు మీద పేకాడుచున్నారు. వారిలో ఇద్దరిని తోడిచ్చి నర్సమ్మను పంపిన చాలును. పేక ఆగిపోవునన్న చింత తమకు ఉన్నచో ఆట ముగిసిన తరువాతనే పంపవచ్చును.

తమ భోజనమూ నిద్రా ముగిసిన పిమ్మట, తీరిక ఉన్నచో ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఉరుకుందప్ప

మళ్లీ వ్రాయునది: ఇది తపాలాలో వేయక ముందే రామలక్ష్మమ్మకు నొప్పులతో మూర్ఛ కమ్మినది. నిన్న పాడె ఎత్తితిమి. మీది వీధివారు ఆపి, గుడ్డ తీసి చూసి, దారి ఇచ్చినారు. గిడ్డమ్మ ముందు నమ్మలేదు. చెయ్యి పట్టుకొని చూసి ఏడ్చినది.

ఆడబిడ్డ బతికి ఉంది. పాలు లేవు. పాలపొడి డబ్బాలు నీ కేంద్రంలో ఉన్నాయట. ఈ పసిగుడ్డును కూడా స్వయంగా హాజరు కమ్మంటావా?